ముందు నడుస్తానన్న నక్క

దిగువ కోనలో ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. వాగులో ఇసక తేలింది. చెలమలు ఎండిపోయాయి. కోన మొత్తానికి నల్లగుండు మడుగొక్కటే మిగిలింది. దుప్పి అయినా కుందేలయినా దాహమేస్తే అక్కడికి రావలసిందే. ఆ సంగతి చిరుతకూ తెలుసు.

అందుకే మడుగు చుట్టూ చెట్ల మీద కొండముచ్చులు కాపలా ఉండేవి. పొదలో చిరుత తోక ఆడితే చాలు, పైనుంచి కేక పడేది, కింద మడుగు ఖాళీ అయ్యేది. పగలంతా కొమ్మ దిగని కాపలావాళ్ళు మేతకు పోలేరు కదా. వాళ్ళ తిండీ, అడవి సభలో కూర్చునేవాళ్ళ వంతూ ఉమ్మడి కొట్టు నుంచే వెళ్ళేవి. అడవిలో ప్రతి ఇల్లూ తన వంతుగా ఇప్పపువ్వో దుంపలో తెచ్చి కొట్టుగా వాడే గుహలో వేసేది. ఏటా కొట్టు తెరవాలంటే సభలో ఉన్న ఇద్దరు సభ్యులూ "సరే" అనాలి. దిగువ కోన ఓట్లేసి పంపిన సభ్యుడు నక్క జంబులయ్య. ఎగువ గట్టు పంపిన సభ్యుడు అడవిపంది కోరప్ప.

ఆ ఏడు ఇద్దరూ సరే అనలేదు. వాగు పక్క ఇప్పతోపు మా వాళ్ళదంటే మా వాళ్ళదని మొదలైన వాదన, తాతల తగాదాల దాకా పోయింది. గడువు దాటింది. కొట్టుకు అడ్డంగా బండ పడింది. కొండముచ్చులు కొన్నాళ్ళు పస్తులతోనే కాపలా కాశాయి. కళ్ళు తిరిగి ఒకటి కొమ్మ మీంచి పడ్డాక, పిల్లల్ని పొట్టకు కరుచుకుని ఆకు దొరికే ఎగువకు వెళ్ళిపోయాయి.

నిజం చెప్పాలంటే జంబులయ్యకు ఇందులో పోయేదేమీ లేదు. అతని బొరియ వెనక రాళ్ళ సందులో సన్నటి ఊట ఒకటుంది, ఎవరికీ తెలియదు. దాహానికి అది చాలు. ఇక తిండి అంటారా, మడుగు దగ్గర కాపలా లేకపోతే చిరుతకు వేట దొరుకుతుంది. చిరుత తిని వదిలింది నక్కకు దొరుకుతుంది. అప్పటికే ఒకసారి దొరికింది కూడా.

అయినా జంబులయ్యకు కుదురు లేదు. బొరియలో పడుకుంటే చెవులు బయటే ఉండేవి. బయట కూర్చుంటే తోక ఒకచోట నిలిచేది కాదు. ఆకు రాలినా ఎవరో అడగడానికి వస్తున్నారనిపించేది.

చివరికి వచ్చారు. దుప్పులు, కుందేళ్ళు, కణుజులు, ముళ్లపందులు అందరూ కలిసి మూసిన కొట్టు ముందు చేరి అతనికి కబురు పెట్టారు. ముందు నిలబడింది సారంగమ్మ, మంద మొత్తానికి పెద్దదైన ముసలి దుప్పి.

"జంబులయ్యగారూ, మీకు ఓట్లేసింది మేము. కాపలా ఎందుకు పోయిందో మీ నోటితో విందామని వచ్చాం."

"అడగవలసింది కోరప్పనమ్మా. నేను సరే అందామనే వెళ్ళాను. ఆ మొండివాడు ముట్టె వంచి కూర్చున్నాడు."

"ఆయన్ను అడిగితే మీ పేరు చెప్పాడయ్యా. మీ ఇద్దరిలో ఎవరిది అబద్ధమో మాకెందుకు గానీ, మొన్న మడుగు దగ్గర మా అమ్మాయి బిడ్డను చిరుత పట్టుకుపోయింది. ఇంకా సరిగ్గా గిట్టలైనా గట్టిపడలేదు దానికి. తెల్లారి వెళ్ళి చూస్తే ఎముక కూడా మిగల్లేదు."

జంబులయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఎముక ఎందుకు మిగల్లేదో అతనికి తెలుసు. ఆ రుచి ఇప్పుడు నాలుక మీదకు వచ్చినట్టై గుటక వేశాడు. అది దుఃఖమనుకున్న కుందేళ్ళు తలలు దించుకున్నాయి.

అక్కడ ఆగితే బాగుండేది. కానీ కొట్టు మీది కొమ్మన కాకి కూర్చుని ఉంది. ఏ మాట విన్నా కోనంతా తిప్పేది అదే. కాకిని చూస్తే జంబులయ్య నోరు అతని మాట వినదు. ఒక్క గెంతులో బండ మీదకెక్కాడు.

"నా జనానికి దాహం ఉండగా నాకు నిద్రెక్కడిది? కాపలా తిరిగి వచ్చేదాకా కొట్టు నుంచి నా వంతు గింజ కూడా ముట్టను. అంతేకాదు, మీరు తాగే నీళ్ళే నేనూ తాగుతాను. మీరు మడుగుకు వెళ్ళేటప్పుడు మీకంటే ముందు నేను నడుస్తాను. చిరుత వస్తే ముందు నన్ను దాటి రావాలి."

జనం కాళ్ళు నేలకు కొట్టి మెచ్చుకున్నారు. కాకి అప్పుడే రెక్కలు విప్పింది. జంబులయ్య గుండె కాస్త కుదుటపడింది. మాటలు కోటలు దాటినా కాలు గడప దాటనక్కర్లేదని అతని అనుభవం. సభలో అన్నవన్నీ చేస్తూ పోతే సభ్యుడు బతకగలడా?

చప్పుళ్ళు తగ్గాక సారంగమ్మ తల వంచింది. "ఆ మాట చాలయ్యా మాకు. రేపు పొద్దున్నే మీ గుమ్మం ముందుకొచ్చి పిలుస్తాం."

బండ దిగుతుంటే జంబులయ్య కాలు జారింది.

మర్నాడు తెలతెలవారుతుండగా బొరియ బయట గిట్టల చప్పుడు. జంబులయ్య కుంటుకుంటూ వచ్చాడు. "కాల్లో ముల్లు దిగిందమ్మా. అడుగు పడటం లేదు."

"నెమ్మదిగానే నడుద్దాం. మాకూ తొందర లేదు."

"పైగా ఇవాళ ఉపవాసం."

"ఉపవాసానికి నీళ్ళు తప్పులేదు కదయ్యా."

సారంగమ్మ మూతి కిందికి దించి వాసన చూసింది. "అడవంతా ఎండిపోయింది. మీ వాకిట్లో గరిక మాత్రం భలే పచ్చగా ఉందండీ. తడి ఎటునుంచి వస్తున్నట్టు?"

జంబులయ్య గబుక్కున గరిక మీద తోక పరిచాడు. ఊట సంగతి బయటపడితే రేపటి నుంచి కోనంతా తన బొరియ మీదే పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "అది పాత గరికలే. పదండి, పదండి, ఎండెక్కుతుంది" అంటూ కుంటడం మరిచిపోయి ముందుకు నడిచాడు.

ఆ పూట చిరుత రాలేదు. అయినా మడుగులో కాలు పెట్టినప్పుడు నీళ్ళలో కదిలిన తన నీడకే జంబులయ్య ఎగిరి పడ్డాడు. నీళ్ళు నోట్లోకి వెళ్ళాయో ముక్కులోకి వెళ్ళాయో తెలియలేదు. వెనక దుప్పులు హాయిగా, కడుపునిండా తాగాయి. కాపలా పోయాక అవి అంత నిమ్మళంగా తాగడం అదే మొదటిసారి.

"రేపు కూడా ఇదే వేళకు" అంది సారంగమ్మ.

ఆ మధ్యాహ్నమంతా జంబులయ్య బొరియ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. కోరప్ప దగ్గరకు వెళ్ళి సరే అనేస్తే పోతుంది. కానీ అలా వెళ్తే నక్క దిగొచ్చిందని పంది నలుగురికీ చెప్పుకుంటుంది. ఇప్పతోపు పోతుంది. చిరుత విసిరే ఎముకలు కూడా పోతాయి. తిరిగి తిరిగి కాళ్ళు నొప్పి పుట్టాక అతనికి ఇంకో దారి తోచింది. తిన్నగా చిరుత ఉండే రాతి అరుగు దగ్గరకు వెళ్ళాడు.

చిరుత నీడలో పడుకుని ఉంది. కళ్ళు తెరవకుండానే అంది, "వాసన చూస్తే నువ్వే అనుకున్నా. ఎముకలు ఇంకా లేవు. పో."

"ఎముకల కోసం కాదు దొరా. రేపు పొద్దున మడుగుకు మంద వస్తుంది. ముందు నేనుంటాను. నన్ను వదిలేసి నా వెనక వచ్చే దాన్ని పట్టుకోండి. ముసలిదే గానీ ఒళ్ళున్న దుప్పి. అది పోతే మందకు దిక్కుండదు, ఆ తరవాత మీ ఇష్టం."

చిరుత ఒక కన్ను తెరిచింది. "నీ జనాన్నే చూపిస్తున్నావా?"

"నా జనం కాబట్టే వాళ్ళు ఏ దారిన వస్తారో నాకు తెలుసు."

"సరే. నీ వెనకదే నాది" అని చిరుత మళ్ళీ కన్ను మూసింది.

వచ్చే దారిలో జంబులయ్యకు తోక తేలికైంది. రాతి అరుగు మీది మోదుగు కొమ్మన కాకి కూర్చుని ఉందన్న సంగతి అతను చూసుకోలేదు.

మర్నాడు తెల్లారగట్ల అతనే ముందుగా బొరియ బయటకొచ్చి నిలబడ్డాడు. "రండమ్మా, రండి. ఇవాళ నా అడుగులో అడుగేసి రా సారంగమ్మా. నువ్వు నా వెంటే ఉండాలి."

"అలాగేనయ్యా" అంది సారంగమ్మ.

దారంతా వెనక గిట్టల చప్పుడు వినిపిస్తూనే ఉంది. వెనక్కి చూస్తే చిరుతకు అనుమానమొస్తుందని జంబులయ్య తల తిప్పలేదు. మడుగు ఒడ్డున రెల్లు కదిలింది. అతను ధీమాగా నీళ్ళలోకి దిగి పక్కకు తప్పుకున్నాడు.

రెల్లులోంచి చిరుత లేచింది. నక్క వెనకున్న దాని మీదకు లంఘించి, గాల్లోనే ఒళ్ళు తిప్పుకుని నేల మీద పడింది. అక్కడున్నది దుప్పి కాదు. ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, వీపు తిప్పి నిలబడ్డ ముళ్లపంది ఈరన్న. దుప్పులన్నీ మడుగు గట్టు మీదే ఆగిపోయాయి.

ఆకలి మీదున్న చిరుతకు ఒప్పందాలు గుర్తుంటాయా? ముళ్ళను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది, పక్కనే మెత్తగా కనిపించిన దాన్ని పట్టుకుంది. జంబులయ్య తోక దాని పళ్ళ మధ్య చిక్కింది.

"దొరా, నేను, నేను జంబులయ్యను" అని అరిచాడు. చిరుత నోరు నిండుగా ఉంది, జవాబు చెప్పలేదు. అతన్ని ఒడ్డుకు ఈడ్చసాగింది. ఇసకలో గోళ్ళు దిగేసి జంబులయ్య కోనంతా వినపడేలా ఊళ వేశాడు. ఏ కొండముచ్చూ అంత గట్టిగా కేక వేసి ఉండదు.

"ఈరన్నా, ఇక చాలు" అంది గట్టు మీంచి సారంగమ్మ.

ఈరన్న వెనక్కి వెనక్కి పరుగెత్తి ముళ్ళతో చిరుత తొడను పొడిచాడు. చిరుత గాండ్రించింది. గాండ్రించడానికి నోరు తెరిచింది. సగం తోక దానికి వదిలేసి జంబులయ్య గట్టెక్కాడు. చిరుత కుంటుకుంటూ పొదల్లోకి పోయింది.

జంబులయ్య సారంగమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. తెగిన తోక నాక్కుంటూ అడిగాడు.

"నువ్వు నా వెనక ఉంటానన్నావు కదా."

"అన్నానయ్యా. నిన్న కాకి వచ్చి మీరు చిరుతతో అన్న మాట చెప్పింది. అది ఏ మాటా దాచుకోదు కదా. మీ వెనక ఎవరుంటే మంచిదో అప్పుడు ఆలోచించాం."

అతను తల ఎత్తలేకపోయాడు. కంచే చేను మేసిందని ఎవరైనా తిడితే బాగుండనిపించింది. ఎవరూ తిట్టలేదు. పసిబిడ్డను పోగొట్టుకున్న దుప్పి, సారంగమ్మ కూతురు, కొంచెం దూరంలో నిలబడి అతన్నే చూస్తోంది. ఆ చూపు కంటే చిరుత పళ్ళే నయమనిపించింది.

"మరి నన్నెందుకు కాపాడావు? చిరుతకు వదిలేస్తే పోయేది కదా."

"మీరు చచ్చిపోతే సభలో సరే అనే నోరు ఎవరిదయ్యా?" అంది సారంగమ్మ. "మళ్ళీ ఎన్నికలు పెట్టి, ఇంకొకర్ని పంపి, ఆయనకు బుద్ధొచ్చేసరికి మా పిల్లల్లో ఎందరు మిగులుతారు? చిరుతకు తొడ మానేలోగా కొట్టు తెరవాలి. లేవండి. రేపు పొద్దున మళ్ళీ దాహమేస్తుంది మాకు. ముందు నడవాల్సింది మళ్ళీ మీరే."

జంబులయ్య లేచాడు. తోక తెగిన చోట రక్తం కారుతూనే ఉంది, ఆగకుండా ఎగువ గట్టుకు పరుగెత్తాడు. దుమ్ములో పొర్లుతున్న కోరప్ప అతన్ని చూసి ముట్టె ఎత్తాడు.

"ఏంటి జంబులయ్యా, దిగొచ్చావా?"

"దిగొచ్చాను. తోపు నువ్వే ఉంచుకో. సరే అను, కొట్టు తెరుద్దాం."

"తోపు సంగతి నిదానంగా..."

"నిదానం లేదు కోరప్పా. మీ వాళ్ళు తాగేదీ ఆ మడుగు నీళ్ళే, రేపు వాళ్ళు కూడా నీ గుమ్మం ముందుకొచ్చి ముందు నడవమంటారు. నా తోక చూడు."

కోరప్ప చూశాడు. చూసిన కొద్దీ ముఖంలో నవ్వు తగ్గింది. దుమ్ము దులుపుకుని లేచాడు.

ఎండెక్కేలోపు ఇద్దరూ కలిసి బండ తోశారు. సాయంత్రానికి మడుగు చుట్టూ చెట్ల మీద కొండముచ్చులు ఇప్పపువ్వు నములుతూ కనిపించాయి. దుప్పులు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగాయి. కొట్టు దగ్గర కాకి జంబులయ్య ముందు వాలి, "కొట్టు తెరిచారు కదా, జనానికి ఒక మాట చెప్పండి" అంది.

జంబులయ్య అలవాటుగా బండ మీదకెక్కి నోరు తెరిచాడు. కింద ఈరన్న, సారంగమ్మ, ఆమె కూతురు చెవులు రిక్కించి నిలబడ్డారు. ప్రతి మాటా జాగ్రత్తగా వింటున్నారు. అతను నోరు మూసుకుని బండ దిగి, తెగిన తోకను కాళ్ళ మధ్య దాచుకుని ఇంటిదారి పట్టాడు.

కాపలా తీసేసినవాణ్ణే ముందు నడిపిస్తే, కాపలా తొందరగా తిరిగొస్తుంది.