కోడిని మేపిన నక్క

కొండ కింద వేరుశనగ చేల అంచున కోటిలింగం అనే నక్క కాపురం ఉండేది. తనంత తెలివైనవాడు లేడని దానికి గట్టి నమ్మకం. అలాంటి నమ్మకం ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు శాస్తి జరక్క మానదు.

ఒకరోజు పుట్ట దగ్గర చెదలు ఏరుకుంటున్న సింగారి అనే కోడిపెట్ట దాని నోటికి చిక్కింది. తీరా చూస్తే, సింగారి ఈకలు రాల్చే కాలంలో ఉంది. రెక్కల్లో నాలుగు ఈకలు కూడా సరిగా లేవు. రొమ్ము ఎముక బయటికి పొడుచుకొచ్చింది.

నక్క కాలి కింద నుంచే సింగారి మాట్లాడింది.

"మామా, ఇప్పుడు నన్ను తింటే పళ్లలో ఎముకలు ఇరుక్కోవడం తప్ప నీకు దక్కేదేమీ లేదు. ఇరవై రోజులు మేపి చూడు."

"నిన్ను నేను మేపాలా?"

"పొట్టేలును కొన్నవాడు తెచ్చిన రోజే కోస్తాడా? మేపుకుని మరీ కోస్తాడు. నువ్వు ఉత్త ఆత్రగొట్టువని అందరూ అంటుంటే నేనే నమ్మలేదు."

నక్కకి పౌరుషం పొడుచుకొచ్చింది. ముళ్లకంప ఈడ్చుకొచ్చి, చుట్టూ ఎత్తుగా దడి కట్టి, సింగారిని లోపల పడేసింది. పైన మూత పెట్టలేదు. ఈకల్లేని కోడి ఎగురుతుందా ఏమిటి!

మొదటిరోజు కల్లంలోంచి నోటినిండా జొన్నలు తెచ్చి పోసింది.

"తిను కోడలా. బాగా కొవ్వు పట్టాలి."

"తింటాను గానీ మామా, ఒక్క జొన్నలతో ఎలా సరిపోతుంది? అవి తిరగడానికి ఓపికనిస్తాయి, అంతే. కండ పట్టాలన్నా ఈకలు రావాలన్నా చెదలూ పురుగులూ ఉండాలి."

"కడుపులోకి ఏది పోయినా కొవ్వే కదే!"

"అందరికీ అలా అయితే ఎంత బాగుండు! నాకు మాత్రం అవీ కావాలి మామా."

నక్క గొణుక్కుంటూ పోయి పుట్ట తవ్వింది. మూతినిండా చెదలు పాకుతుంటే తుమ్ముకుంటూ తిరిగొచ్చింది.

తర్వాత నత్తగుల్లలు అడిగింది సింగారి. "ఎముక గట్టిపడాలి మామా. మెత్తటి ఎముక కొరికితే నీకేం బాగుంటుంది?" నక్కకి నోరూరి, వాగంతా గాలించింది. ఆ మర్నాడు తోటకూర అడిగింది. ఆ పైన గులకరాళ్లు.

"రాళ్లా! రాళ్లు కూడా తింటావా?"

"నాకు నీలాగా పళ్లున్నాయా మామా? గింజ నా పొట్టలో నలగాలంటే రాళ్లుండాలి. నలగని గింజ ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

పాపం, కోటిలింగం రాళ్లు కూడా మోసింది. నక్కల వంశంలో ఒక కోడికి ఇంత ఊడిగం చేసిన నక్క ఇంకోటి లేదు.

అది బయటికి పోగానే సింగారి రెక్కలు విదిలించి చూసుకునేది. పదోరోజుకి కొత్త ఈకలు మొలకెత్తాయి. పద్దెనిమిదో రోజుకి దడిలో సగం ఎత్తుకి ఎగిరింది. ఇరవయ్యో రోజు కూడా దడి అంచు అందలేదు. ఇంకో రెండు మూడు రోజులుంటే చాలు. కానీ గడువు అయిపోయింది. సింగారికి ఏడుపొచ్చింది.

నక్క నాలుక చప్పరిస్తూ రానే వచ్చింది.

"ఇక చాలు కోడలా. ఎంత నిగనిగలాడుతున్నావో!"

"నిన్ననే కదా మామా కుందేలును తిన్నావు? ఇంకా పొట్టలో చోటెక్కడుంది? పెళ్లి భోజనానికి పోయేవాళ్లు పొద్దుట్నుంచి మంచినీళ్లతో సరిపెట్టుకుంటారు. ఇరవై రోజులు కష్టపడ్డావు, ఇంత విందుకి మూడు రోజులన్నా కడుపు ఖాళీ పెట్టుకోవద్దూ?"

కోటిలింగానికి ఆ మాట మహా నచ్చింది. ఆకలి ఎంత ఎక్కువైతే విందు అంత రుచి కదా అనుకుంది. మొదటిరోజు ఎదురుగా ఎలక పోతున్నా కళ్లు మూసుకుంది. రెండోరోజు నీరసమొచ్చి నీడన పడుకుంది. మూడోరోజు అక్కడినుంచి లేవనేలేదు. ఆ మూడు రోజులూ సింగారి తన మేత తాను తిని, రెక్కలు ఆడిస్తూనే ఉంది.

నాలుగోరోజు ఉదయం నక్క దడి ఓ పక్కకి లాగి లోపలికి వచ్చింది. సింగారి ఒక్క ఊపున లేచి దడి మీదికి, అక్కడినుంచి పక్కనున్న తుమ్మచెట్టు కొమ్మ మీదికి ఎగిరింది.

మామూలు రోజైతే ఆ కొమ్మ కోటిలింగానికి ఓ లెక్క కాదు. ఇప్పుడు గెంతబోతే కాళ్లు వణికాయి, కళ్లు బైర్లు కమ్మాయి. వెళ్లి ముళ్లకంపలో పడింది.

"నా తిండి తిని నన్నే ముంచుతావా? ఆ తిండంతా ఏమైందే!"

"రెక్కలైంది మామా, కాళ్లలో సత్తువైంది. ఏది దేనికో నీకు చెబుతూనే ఉన్నాను. నువ్వు కొవ్వు గురించి తప్ప వింటేగా!" అంటూ సింగారి తన ఇంటివైపు ఎగిరిపోయింది.

నక్క ముళ్లు పీక్కుంటూ లేచింది. వేటకి ఓపిక లేదు. నేల మీద మిగిలిన జొన్నగింజల్ని నాలుకతో ఒక్కొక్కటే ఏరుకుని తిన్నది.

రేపటి విందు చూసుకుని ఇవాళ పస్తుంటే, రేపు విందు దాకా నడిచే ఓపికే ఉండదు.