మొలకెత్తిన మేడ

జీడికోన అడవిలో కుందేళ్లు, ఉడతలు, ముళ్లపందులు, చుంచెలుకలు కలిసిమెలిసి ఉండేవి. అందరికీ తిండి సరిపోయేది. వానాకాలంలో తడవని ఇల్లే ఎవరికీ సరిగ్గా దొరికేది కాదు.

ఆ అడవిలోనే బూరుగమ్మ అనే కుందేలు ఉండేది. బూరుగు దూదిలా తెల్లగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఆమెకు రెండు పెద్ద చెవులు, ఒక పెద్ద భయం. ఎండుటాకు రాలినా "అమ్మో!" అని గెంతేది. ముక్కు మీద ఒక్క చినుకు పడితే చాలు, కలుగులో దూరి మర్నాటి దాకా బయటికి వచ్చేది కాదు.

"బూరుగమ్మ వదినా, ఎవరో మీ వెనకాలే వస్తున్నారు. అయ్యో, మీ నీడే!" అని ఉడత చారలమ్మ ఆటపట్టించేది. పాపం, బూరుగమ్మ నిజంగానే వెనక్కి తిరిగి చూసేది.

ఆ భయానికి కారణం ఉంది. కిందటి వానాకాలంలో ఆమె కలుగులోకి నీళ్లు వచ్చాయి. పసికూనను నోట కరుచుకుని బయటపడేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి.

"ఏమయ్యా, ఈసారి నా పిల్లలు పొడి నేల మీద కళ్లు తెరవాలి," అంది భర్త తుర్రయ్యతో.

"తెరుస్తారు. నేనున్నాగా," అన్నాడు తుర్రయ్య. ఎలాగో మాత్రం అతనికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే వాగు ఒడ్డున తెల్లటి మేడ లేచింది. కట్టింది పందికొక్కు బొద్దయ్య.

ఈ బొద్దయ్యకు ఒక చిక్కు వచ్చిపడింది. ఏడాది పొడుగునా అందరి ఇళ్లలోంచి పెసలు, ఉలవలు, వేరుశనగలు దొంగిలించాడు. తినగలిగినంత తిన్నాడు. మిగిలినవి కుప్ప పోస్తే "ఎక్కడివి?" అని అడుగుతారు కదా! అందుకే మేడ కట్టాడు. గోడలో రాళ్లు పెట్టాల్సిన చోట గింజలు పోశాడు. ఇవతల పలచగా మట్టి, అవతల పలచగా మట్టి, నడుమ దొంగ సొమ్ము. పైన నున్నగా సుద్ద పూశాడు. సొమ్ము దాగిందా లేదా అన్నదే అతని చింత. గోడ నిలుస్తుందా లేదా అన్నది అతని బుర్రలోకే రాలేదు.

ఈ సంగతి మనకు తెలుసు. బూరుగమ్మకు తెలియదు.

జీడికోనలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు కొత్త ఇల్లు కట్టినా ఉడుము గట్టయ్య వచ్చి గోడను పట్టుకుని వేలాడాలి. ఉడుము పట్టంటే మాటలా! ఆ పట్టుకు నిలిచిన గోడే గోడ. దాని మీద పడిన గోళ్ల గాట్లే ఇంటికి ముద్ర.

బొద్దయ్య ముందురోజే గట్టయ్యను పిలిచి, గొంతు దాకా చేపల విందు పెట్టాడు. "మామా, మా గోడ కొత్త పెళ్లికూతురులాంటిది. కాస్త సుతారంగా పట్టుకోండేం," అని చెవిలో ఊదాడు.

మర్నాడు అందరూ చూస్తుండగా గట్టయ్య గోడ మీద వేళ్లు ఆనించాడు. ఆవులించాడు. "గట్టిగానే ఉంది," అన్నాడు. అంత మెక్కినవాడికి ఇక పట్టెక్కడిది?

"ఉడుము మామా, గోడ మీద మీ గోళ్ల గాటు కనబడదేం?" అని అడిగింది బూరుగమ్మ.

"గాట్లు పడితే అందం పోదూ?"

"మరి ఇంత మంచి మేడలో మీరూ ఒక గది తీసుకోకూడదా?"

"నాకా?" గట్టయ్య గోడకు దూరంగా జరిగాడు. "వద్దులేమ్మా. నాకా రాతిసందే అలవాటు."

బూరుగమ్మ చెవులు నిక్కాయి. కానీ పైన మబ్బులు, కడుపులో పిల్లలు. ఇక ఆలోచించే తీరికేదీ? మేడలో ఒక గది కోసం తుర్రయ్య దాచుకున్న దుంపలన్నీ బొద్దయ్య చేతిలో పెట్టాడు. ఒక బుట్ట అందరి ముందు, ఇంకో బుట్ట పెరటి దారిన. "రెండో బుట్ట సంగతి ఎవరికీ చెప్పకు బావా," అన్నాడు బొద్దయ్య.

పై అంతస్తులో ముళ్లపంది దంపతులు దిగారు. కింద చుంచెలుక చిట్టెమ్మ పిల్లలతో దిగింది. మధ్యలో బూరుగమ్మ. అన్నిటికంటే మందమైన గోడలున్న పెద్ద గది బొద్దయ్యది. మందమెందుకో మీరే ఊహించుకోండి.

బూరుగమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారు. కళ్లు మూసుకుని, గుప్పెడంత, గోరువెచ్చగా ఉన్నారు. ఆ మర్నాడే వాన మొదలైంది. ఆగలేదు.

బూరుగమ్మ గోడకు చెవి ఆనించి పడుకుంది. టిక్... టిక్... లోపల ఎవరో మెల్లగా ఒళ్లు విరుచుకుంటున్నట్టుంది. తెల్లారాక బొద్దయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నయ్యా, గోడ లోపల ఏదో కదులుతోంది. ఒక్కచోట తవ్వి చూద్దాం."

తవ్వడం అనేసరికి బొద్దయ్య మీసాలు వణికాయి. వెంటనే పెద్దగా నవ్వేశాడు. "విన్నారా? ఈవిడ చెవికి చీమ తుమ్మినా పిడుగే!"

ముళ్లపందులు నవ్వాయి. చిట్టెమ్మా నవ్వింది. బూరుగమ్మ తల దించుకుని గదికి వచ్చింది. పిల్లల పక్కన గోడ మీద వెంట్రుకంత చీలిక కనబడింది. పొద్దున అది లేదు.

బయట జోరువాన. ఒడిలో కళ్లు తెరవని కూనలు. వెళ్తే తడిసిపోతారు. ఉంటేనో?

"అందరూ నవ్వుతున్నారయ్యా. నాది ఉత్త భయమేనేమో," అంది.

తుర్రయ్య ఒక కూనను జాగ్రత్తగా నోట కరుచుకోబోతూ అన్నాడు. "ఈ చెవుల్ని చూసే కదే నిన్ను చేసుకున్నాను! పద."

ఇద్దరూ వానలోకి దూకారు. ఒకరు ఒక కూనను, ఒకరు రెండు కూనలను ఎలాగో మోసుకుంటూ గట్టయ్య రాతిసందు చేరారు.

కిటికీలోంచి చిట్టెమ్మ చూసి కొయ్యబారిపోయింది. "చినుకు పడితే వణికే బూరుగమ్మ పసిబిడ్డలతో వానలో పరుగెత్తిందా? అమ్మో, అయితే ఇది నిజమే! లేవండర్రా!" అని పిల్లల్ని లేపింది. ఆమె వెనకే ముళ్లపందులు దిగాయి.

బొద్దయ్య మాత్రం కదల్లేదు. సొమ్మును వదిలి ఎలా వస్తాడు? గోడను కౌగిలించుకుని కూర్చున్నాడు.

రాతిసందులో గట్టయ్య కూనలకు చోటిస్తూ ముడుచుకున్నాడు. ఒక కూన చలికి వణుకుతూ, తల్లి అనుకుని అతని పొట్ట కిందికి దూరింది. అతనికి ఏడుపొచ్చింది. "నేను గోడ పట్టుకోలేదు బూరుగమ్మా! పట్టుకున్నట్టు నటించానంతే."

అతని మాట పూర్తయ్యేలోపే ధన్‌మని మేడ కూలింది.

నానిన గింజలు ఉబ్బి ఉబ్బి గోడల్ని చీల్చేశాయి. మట్టిగుట్ట నిండా తెల్లటి మొలకలు! వాటి మధ్య ఒక తోక కొట్టుకుంటోంది. గట్టయ్య ఒక్క ఉరుకున వెళ్లి ఆ తోకను పట్టుకున్నాడు. ఈసారి అది అసలైన ఉడుము పట్టు. అందరూ తవ్వారు, అతను లాగాడు. బొద్దయ్య బయటికొచ్చాడు. సగం తోక మాత్రం గట్టయ్య చేతిలోనే ఉండిపోయింది.

"ఇవి మా వేరుశనగలు!" అని అరిచింది చారలమ్మ. "ఇవి మా ఉలవలు!" అన్నాయి ముళ్లపందులు.

ఆ సాయంత్రం అందరూ ఆ మొలకలు ఏరుకుని తిన్నారు. బూరుగమ్మ ఒక దొప్పెడు తీసుకెళ్లి బొద్దయ్య ముందు పెట్టింది. "తిను అన్నయ్యా. రేపటి నుంచి రాళ్లు మోయాలి." ఒకరు చేత్తో పెట్టిన తిండి అతను అంతకు ముందెప్పుడూ తినలేదు. తింటుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి.

బుట్టలు ఎవరివి వారికి తిరిగి వచ్చాయి. బొద్దయ్య మోసిన రాళ్లతో కొత్త ఇల్లు లేచింది. గట్టయ్య కళ్లు తేలేసే దాకా గోడకు వేలాడాడు. అడవిలో కొత్త కట్టుబాటు కూడా వచ్చింది. పరీక్షించినవాడు మొదటి వానకు పెళ్లాం పిల్లలతో ఆ ఇంట్లోనే పడుకోవాలి. గట్టయ్య పడుకున్నాడు. గురకపెట్టి అందరినీ చంపాడనుకోండి, అది వేరే సంగతి.

బూరుగమ్మ గోడకు చెవి ఆనించింది. ఏమీ వినబడలేదు. పక్కన పిల్లల ఊపిరి, బయట వాన. గుమ్మం ముందు ఒక ఎండుటాకు రాలింది.

బూరుగమ్మ గెంతలేదు. నిద్రపోయింది.

నీతి: దొంగ సొమ్ము దాచడానికి కట్టిన గోడ ఎవరికీ గూడు కాలేదు. గోడ అందం చూసి మురిసిపోకు, దాన్ని గట్టిగా పట్టి చూసినవాడున్నాడా అని అడుగు.