నీళ్లతోపాటే దిగిన కొలబద్ద

మంత్రి దండపాణి చెరువు నీళ్లన్నీ తన చెరకుతోటకు మళ్లించుకున్నాడు. ఊరి బావులు ఎండినా చెరువులో కొలబద్ద మాత్రం రెండు నిలువుల లోతే చూపేది. చూపదా మరి? దాన్ని నేలలో పాతలేదు, తెప్పకు కట్టాడు. నీళ్లతోపాటే అదీ దిగేది.

పడవ నడిపే నూకాలు మొరపెట్టుకుంటే రాజుగారు మంత్రితో వచ్చి ఆమె పడవెక్కారు.

"కొలబద్ద చూడండి ప్రభూ, నిండు చెరువు!" అన్నాడు మంత్రి.

నూకాలు పడవ అడుగుచెక్క ఊడబీకింది. నీళ్లు బుడబుడా లోపలికొచ్చాయి.

"మునిగిపోతున్నాం దొరా!"

రాజుగారు బెంబేలెత్తారు. మంత్రి నవ్వి, "మోకాటి లోతే ప్రభూ!" అంటూ ముందుగా దిగిపోయాడు.

"మంత్రిగారికి ఈతొచ్చా దొరా?" అడిగింది నూకాలు.

"రాదే!" అన్నారు రాజుగారు, కొలబద్దను చూస్తూ.

అక్కడే, ఆ బురదలోనే మంత్రి చేత కొలబద్ద పాతించారు. తోట కాలువ పూడ్పించారు. వానలు వెళ్లేసరికి, మంత్రి చెరువు దాటాలంటే నూకాలు పడవే గతయింది.