వంగిన వీపుల అద్దకం

పైడయ్యగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలోని పని పక్కన పెట్టి, ఏదో ఒక పాత సంగతి ఎత్తుకునేవారు. ఆయన దగ్గర బట్టల అద్దకానికి అచ్చులు చెక్కడం నేర్చుకుంటున్న వకుళ ఒకనాడు, ఏలేవాళ్లను వెక్కిరించే బొమ్మ వల్ల ఎవరికైనా ఒరిగేదేమైనా ఉందా అని అడిగింది. ఆయన ఈ సంగతి చెప్పారు.

మూడు శతాబ్దాల కిందట బందరులో గంగులనే అచ్చుల పనివాడు ఉండేవాడు. ఒక ఏడు నవాబు తరఫున ఊరిని ఏలే ఫౌజుదారు మంచినీటి కాలువను తన పూలతోటకు మళ్లించుకున్నాడు. ఊరు ఉప్పునీళ్లు తాగింది. గంగులు కూతురు మంచం పట్టింది. అయినా ప్రతి శుక్రవారం జనం కొలువుకు వెళ్లి వంగి సలాములు చేసి వచ్చేవారు. గంగులూ వెళ్లేవాడు.

చివరికి కోపం పట్టలేక ఒక అచ్చు చెక్కాడు. కుండంత పొట్టతో ఫౌజుదారు కాలువను తాగేస్తుంటే, చుట్టూ మనుషులు వంగి దండాలు పెడుతున్నారు. ఆ బొమ్మ అద్దిన బట్టలను సముద్రపు ఒడ్డున తాళ్ల మీద ఆరేశాడు. గాలి వీస్తే పొట్టలన్నీ ఒక్కసారిగా ఉబ్బేవి, గాలి తగ్గితే మెల్లగా అణిగేవి. బొమ్మలు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేది. ఊరంతా వచ్చి చూసి నవ్వుకుంది.

మూడోనాడు పొద్దున్నే మంచులోంచి ఒక పల్లకీ వచ్చి ఆగింది. తన చేయి నరికిస్తారనుకున్నాడు గంగులు. ఫౌజుదారు దిగి, ఆ బట్టల మధ్య కలలో నడిచినట్టు నడిచాడు. తన పొట్ట చూసుకుని తనూ నవ్వాడు.

"నన్ను బాగానే చెక్కావు. మరి ఈ వంగినవాళ్లలో నువ్వెక్కడ?" అన్నాడు.

పల్లకీ వెళ్లిపోయింది. శిక్ష తప్పినా గంగులుకు మనసు నిలవలేదు. ఇంటికి వెళ్లి ఇంకో అచ్చు చెక్కాడు. అందులో అందరికంటే ముందు, అందరికంటే కిందికి వంగినవాడు తనే.

ఈసారి జనం నవ్వలేదు. గంగులు ముఖాన్ని గుర్తుపట్టి, ఒక్కొక్కరే బట్టకు దగ్గరగా జరిగి, మిగిలిన వీపుల్లో తమ వీపు వెతుక్కున్నారు. ఆ శుక్రవారం కొలువుకు ఎవరూ వెళ్లలేదు. మరుసటి శుక్రవారమూ అంతే. మూడోవారంలో ఫౌజుదారు కాలువను తిరిగి ఊరికి వదిలాడు. గంగులు కూతురు దోసిలి పట్టి తాగింది.

రెండో బొమ్మ చూసి ఫౌజుదారు ఏమన్నాడని వకుళ అడిగింది.

"చూడటానికి రాలేదమ్మా. మొదటి బొమ్మకు తనూ నవ్వగలిగాడు, దీనికి నవ్వలేకపోయేవాడు," అన్నారు పైడయ్యగారు.