ఇనుప రవ్వ చివర ఎందుకు చీలుతుంది

ఒకప్పుడు ఇనుముకి తుప్పంటే ఏమిటో తెలీదు. వానలో తడిసినా, ఉప్పునీళ్ళలో పడున్నా తళతళలాడుతూనే ఉండేది. నిప్పులో పడితే దాని రవ్వ బంగారు దారంలా ఒకటే గీత గీసుకుంటూ తిన్నగా జారేది. ఎక్కడా చీలేది కాదు.

అప్పట్లో లోహాలు మాట్లాడేవి, బొగ్గు కూడా. పనుంటే మనుషులు వినేవాళ్ళు.

సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లె. పది పన్నెండు గుడిసెలు, మూడు తెప్పలు. పల్లెకి ఉత్తరాన నీళ్ళలో రాళ్ళగుట్ట ఉంది. తెప్ప అటు కొట్టుకుపోయిందంటే ముక్కలే. పల్లెకి ఎదురుగా మాత్రం మెత్తటి ఇసుక. అందుకని అక్కడో పద్ధతి ఉండేది. తెప్పలు వెళ్ళిన రోజు పొద్దుగూకేసరికి ఇసుకదిబ్బ మీంచి ఒక తారాజువ్వ వదిలేవాళ్ళు. రవ్వలు ఎటు రాలితే అటు తెప్ప తిప్పుకుని మొగాళ్ళు ఇంటికొచ్చేవాళ్ళు.

ఆ జువ్వలు కట్టేది కాసులమ్మ. ఆమె మొగుడు ఎరకయ్య పెద్ద తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. వెదురు గొట్టంలో సూరేకారం, గంధకం, బొగ్గుపొడి కూరి, పక్కన ఓ పొడుగు పుల్ల కట్టేది కాసులమ్మ. రవ్వలు మాత్రం బొగ్గువే. ఎర్రగా, సన్నగా, ముసలమ్మ నవ్వులా ఉండేవి. ఆకాశం బాగుంటే అవే చాలు.

ఒక ఏడాది ముసురు పట్టింది. మూడు తెప్పలూ సముద్రంమీదే ఉండిపోయాయి. మొదటి రోజు వదిలిన జువ్వ రవ్వలు తాటిచెట్టంత ఎత్తులోనే మసకలో కలిసిపోయాయి. రెండో రోజూ అంతే. తెప్ప మీద మంచినీళ్ళు మూడు రోజులకే సరిపోతాయి. అది పల్లెలో అందరికీ తెలుసు.

బొగ్గే ముందు ఒప్పుకుంది. తను చెట్టులోంచి వచ్చినదాన్ననీ, మండటం వచ్చు గానీ ఇంత మసకని చీల్చుకుపోవడం తనవల్ల కాదనీ చెప్పింది. లోహాల్ని అడగమంది.

మూడో రోజు తెల్లారగానే కాసులమ్మ ఆకురాయి పట్టుకుని కూచుంది. ముందు రాగిచెంబుని గీకింది. పొడి పొయ్యిలో చల్లితే మంట పచ్చగా తిరిగింది, అంతే. రంగు కావాలంటే ఇస్తాను గానీ ఎగరడం నాకు అలవాటు లేదని చెప్పింది రాగి.

తరవాత సత్తుగిన్నెని గీకింది. ఆ పొడి నిప్పుల మీద పడి అలాగే ఉండిపోయింది.

"ఈ మంట నాకేం సరిపోతుంది?" అంది సత్తు. "ఇంకా పెద్ద మంట తే. అప్పుడు చూద్దువు గాని, వెన్నెల కురిపిస్తాను."

"పెద్ద మంటే ఉంటే నీ గెడ్డం పట్టుకోవడం దేనికి?" అని కాసులమ్మ గిన్నెని పక్కకి తోసేసింది.

ఇంతలో ఆమె కాళ్ళకింద నల్ల ఇసుకలోంచి మనుషులింకా పేరు పెట్టని లోహమొకటి పలికింది. తన రవ్వంత తెల్లటి రవ్వ ఈ లోకంలోనే లేదంది. కాకపోతే తనని ఇసుకలోంచి విడదీసే విద్య మనుషులకింకా రాలేదట. ఇంకా చాలా ఏళ్ళు ఆగాలట. కాసులమ్మ కాళ్ళు దులుపుకుని లేచింది.

మూలన ఎరకయ్య తెప్ప పాత లంగరు పడుంది. ఒక కొన విరిగిపోయింది. మంచి ఇనుము. దాన్ని గీకితే వెండిలాంటి రజను రాలింది. చిటికెడు పొయ్యిలో వేసిందో లేదో, బంగారు గీతలు పైకి లేచి, కప్పుదాకా వెళ్ళి, నింపాదిగా కిందికి దిగాయి. నేల మీద పడ్డాక గానీ ఆరలేదు.

"చూశావా వదినా? ఎరకయ్యన్నతో ఏడేళ్ళు తిరిగినవాణ్ణి. అన్నని ఇంటికి తీసుకురావడం నా పని" అంది ఇనుము.

బొగ్గు మాత్రం ఒక మాట చెప్పింది. సూరేకారానికి దాహమెక్కువ, గాలిలో తడంతా తాగేసి పక్కనున్నవాళ్ళని కొరుకుతుంది, రజనుకి కాస్త నూనె పట్టించి కూరమంది.

ఇనుము నవ్వింది. నూనె బండి ఇరుసుకి పూసుకోండి, పిల్లల నెత్తికి పూసుకోండి, ఏడేళ్ళు సముద్రంలో మునిగి తేలాను, ఒంటిమీద ఒక్క మచ్చ చూపించండి అంది. అవతల సత్తుగిన్నె వింటోంది, అందుకే కాస్త గట్టిగానే అంది.

ఇంట్లో నూనె దీపంలో ఉన్నదే. కాసులమ్మ దీపం వంక చూసింది, లంగరు వంక చూసింది. కొత్త సరుకు ఏదైనా ఒక పూట ఆగి, చూసి గానీ గొట్టంలో కూరకూడదు. అది ఆమెకి తెలుసు, పదిమందికి నేర్పింది కూడా. కానీ ఆ రోజు మూడో రోజు. ఆమె ఆగలేదు.

ఆరిన గొట్టం ఒక్కటే మిగిలింది. తడవని మందు కూడా ఆ ఒక్కదానికే సరిపోతుంది. పొద్దు నడినెత్తికి రాకముందే కూరేసి, తాటాకు చుట్టి, చూరుకి వేలాడదీసింది.

మధ్యాహ్నం గొట్టంలోంచి సన్నగా చప్పుడొచ్చింది, ఎవరో పళ్ళు నూరుతున్నట్టు. కాసులమ్మ దగ్గరికెళ్ళి చెవి పెట్టింది.

"లోపల బాగానే ఉందా?" అని అడిగింది.

"బాగానే ఉన్నాను" అంది ఇనుము.

"గొంతు అలా ఉందేం?"

"ఏం లేదు వదినా. నీ పని చూసుకో."

ఆమె ఇంకోసారి అడిగింది. ఇనుము అదే మాట చెప్పింది.

పొద్దుగూకింది. ఆడవాళ్ళంతా దిబ్బ మీదికొచ్చారు. ముసురు ఆగలేదు. సముద్రంమీంచి కేకలు వినపడ్డాయి, సరిగ్గా పల్లెకి ఎదురుగానే. మొగాళ్ళు అంత దగ్గరికొచ్చి, ఒడ్డెక్కడో తెలీక పిలుస్తున్నారు. ఎరకయ్య గొంతు కూడా అందులో ఉంది. కాసులమ్మ ఒత్తి అంటించి వెనక్కి జరిగింది.

జువ్వ లేచింది. బాగానే లేచింది. పొగ చిమ్ముకుంటూ మసకలోకి దూరిపోయింది. అందరూ తలలెత్తి చూశారు.

ఒక్క రవ్వ రాలలేదు. కాసేపటికి కాసులమ్మ చేతిమీద ఏదో పడింది. చూస్తే ఇటికపొడిలాంటి ఎర్రటి పొడి, తడితడిగా.

కేకలు మెల్లగా ఉత్తరం వైపు జరిగాయి. ఆడవాళ్ళు పళ్ళేలు కొట్టారు, గొంతు పగిలేదాకా పిలిచారు. ఆ చప్పుడు విని రెండు తెప్పలు ఎలాగో మళ్ళి తెల్లారేసరికి ఒడ్డుకొచ్చాయి. పెద్ద తెప్ప రాళ్ళగుట్ట మీదికి పోయింది. దుంగలు రెండు దొరికాయి. మనిషి దొరకలేదు.

పదకొండో రోజున పెద్దవాళ్ళు చెయ్యాల్సింది చేశారు. గాజులు తీశారు, తల మీద నీళ్ళు పోశారు, ఇంత గంజి తాగించి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. పన్నెండో రోజు కాసులమ్మ ఆకురాయి తీసింది. మిగిలిన రెండు తెప్పలూ వేటకి వెళ్ళాలి కదా.

మూలనున్న లంగరు ఆ కాస్త రోజుల్లోనే మారిపోయింది. ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు. చెయ్యి వేస్తే పొట్టులా రాలుతోంది.

"నన్ను తిట్టు వదినా" అంది.

"తిడితే తెప్ప వస్తుందా?"

కాసులమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని గీకడం మొదలెట్టింది.

"అది కొరుకుతోందని మధ్యాహ్నమే చెప్పుంటే గొట్టం విప్పేదాన్ని. దీపంలో నూనుంది. మళ్ళీ కూరడానికి పొద్దూ ఉంది. నేను రెండుసార్లు అడిగాను కదా."

"సిగ్గేసింది" అంది ఇనుము. "సత్తు నవ్వుతుందేమో అనుకున్నాను."

"నవ్వితే నవ్వేది" అంది కాసులమ్మ.

తన తప్పు కూడా ఆమెకి తెలుసు.

ఇనుము తనని మళ్ళీ పైకి పంపమని అడిగింది. పైనుంచి ఎరకయ్యన్నని వెతుకుతానంది. వెతకడానికి ఇంకేముందని కాసులమ్మ అంది గానీ, దీపంలో నూనె వంపి రజనుకంతా పట్టించింది. వేలితో కలిపింది, ఒక్క గింజ కూడా వదల్లేదు.

ఆ సాయంత్రం జువ్వ లేచింది. ముసురు పోయింది, ఆకాశం తేటగా ఉంది. బంగారు గీతలు పైనుంచి దిగాయి. తిన్నగా దిగుతున్న రవ్వకి ఒకవైపే కనపడుతుంది. ఒకవైపు చూస్తే ఇంకోవైపు మిగిలిపోతుంది. అందుకని సగం దూరం వచ్చాక ఇనుము తనని తనే చీల్చుకుంది. ఒక్కో రవ్వ చివర నాలుగైదు కొమ్మలైంది. ఒక కొమ్మ రాళ్ళవైపు చూసింది, ఒకటి లోతు నీళ్ళవైపు, ఒకటి ఒడ్డువైపు. నీళ్ళే కనిపించాయి.

మర్నాడూ అలాగే చీలింది. ఆ మర్నాడూ అంతే. దిబ్బ మీద నిలబడి కాసులమ్మ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకుని రేపటి గొట్టానికి తాటాకు చుట్టుకునేది.

అప్పటినుంచే ఇనుము దెబ్బని దాచుకోదు. తడి సోకిందంటే ఎర్రగా పైకి చెప్పేస్తుంది. అప్పటినుంచే ఇనుప రవ్వ జారుతూ జారుతూ చివర చీలుతుంది, నాలుగువైపులా చూస్తుంది, ఎవరూ కనపడక ఆరిపోతుంది.