ఉడుముకు పరిచిన నాపరాళ్లు

ఎనిమిది రోజులుగా హిమజకు అన్నం సయించడం లేదు. ఆమె తెచ్చిన ఉడుమూ ఏమీ తినడం లేదు.

అడవి అంచున వేటగాళ్ల ఉచ్చులో చిక్కుకుని ఉంటే విడిపించి, గోనెసంచిలో ఆశ్రమానికి మోసుకొచ్చింది తనే. తోకతో కలిపి మూడు మూరల పొడవు. ఉచ్చు తీగకు ముందుకాలు కోసుకుపోయింది. అది మానేదాకా పాత ధాన్యపు కొట్టులో ఉంచమన్నారు గురువు పర్వతయ్యగారు. కొట్టుది మట్టినేల. దానిమీద ఏం పరచాలన్నది ప్రశ్న.

ఆ ఆశ్రమంలో ఏ ప్రశ్ననైనా సాయంత్రం చావడిలో వాదించి తేల్చుకోవడం ఆచారం. బదులు చెప్పలేక ఊరుకున్నవాళ్లు చావడి ఊడవాలి. హిమజ వచ్చి రెండేళ్లయింది. చీపురు ఏ మూలన ఉంటుందో ఆమెకు ఇంతవరకూ తెలియదు.

ఆ సాయంత్రమూ అంతే. ఇసుక అన్నవాళ్లకు పుండులోకి రేణువులు దూరతాయని చెప్పింది. ఎండుగడ్డి అన్నవాళ్లకు బూజు గుర్తుచేసింది. వంటపని చూసే కోదండం మాత్రం, అది పుట్టిందే మట్టిలో గదా, మట్టినేలను అలా వదిలేస్తే పోదా అన్నాడు.

"నీ కాలికి పుండైతే బురద పూసుకుంటావా బాబాయ్?"

చావడి అంతా నవ్వింది. కోదండం కూడా నవ్వి, లేచి చీపురు అందుకున్నాడు.

మర్నాటికల్లా హిమజ చెప్పినట్టే కొట్టు నిండా నున్నటి నాపరాళ్లు పరిచారు. రోజూ పొద్దున్నే రెండు బిందెల నీళ్లు కొడితే చాలు, నేల అద్దమయ్యేది.

ఉడుము మాత్రం తూర్పు మూలన చేరి రాతిని గీరడం మొదలుపెట్టింది. గోళ్లు అరిగి నెత్తురు కనబడింది. ముందు పెట్టిన కోడిగుడ్డు వాసన కూడా చూడలేదు. ఎనిమిదో రోజున గీరడమూ మానేసి, తల నేలకు ఆనించి పడుకుంది.

హిమజ గురువు దగ్గరికి వెళ్లింది. నేలలో లోపం లేదని, కొత్తచోటు కనుక బెదిరిందని, అలవాటు పడుతుందని, రాయి ఎందుకు మేలో మళ్లీ మొదటినుంచీ చెప్పింది.

పర్వతయ్యగారు అంతా విన్నారు. లేచి, గోడకు ఆనించి ఉన్న పలుగు తీసుకుని కొట్టులోకి నడిచారు. తూర్పు మూలన ఒక్క రాయి పెకలించి పక్కన పెట్టారు. కింద చల్లటి మట్టి. చెంబుతో కాసిని నీళ్లు చిలకరించి, బయటికొచ్చి గడప దగ్గర కూర్చున్నారు. హిమజ పక్కనే నిలబడింది.

చాలాసేపు ఏమీ జరగలేదు.

తర్వాత ఉడుము నాలుక చాపింది. మెల్లగా జరిగి మట్టిలో మూతి పెట్టింది. బాగున్న కాలితో తవ్వింది. తవ్వుతూ తవ్వుతూ లోపలికి పోయి, చివరికి తోక ఒక్కటే బయట మిగిలింది.

"నువ్వు చెప్పినవన్నీ నిజమేనమ్మా," అన్నారు గురువు. "దానికే ఎవరూ చెప్పినట్టు లేరు."

హిమజ గడప మీదుగా వంగి ఆ తోకను చూసింది. "మరి పుండో, గురువుగారూ? మట్టి అంటుతుంది."

"కడగాలి."

"రోజూనా?"

ఆయన పలుగు ఆమె చేతికిచ్చి వెళ్లిపోయారు.

మిగతా రాళ్లన్నీ ఆమె ఒక్కతే పెకలించింది. అప్పటినుంచీ పొద్దునా సాయంత్రమూ వేపాకు నీళ్లతో ఉడుము కాలు కడిగేది. రెండుసార్లు అది తోకతో కొడితే ముంజేయి వాచింది. ఆరో రోజు పొద్దున్న వెళ్లేసరికి గుడ్డు లేదు, పెంకుముక్కలు ఉన్నాయి.

ఆ సాయంత్రం చావడిలో ఎవరో కావాలనే కదిపారు: ఇంతకీ రాయి మేలా, మట్టి మేలా?

అందరూ హిమజ వైపు చూశారు. ఆమె గోళ్లలో ఇంకా మట్టి ఉంది.

ఆమె లేచి, కోదండం పక్కకు వంగి, చీపురు ఎక్కడుందని అడిగింది.