ఈగ వాలని బెల్లం

అనగనగా ఒక ఊళ్ళో, మనుషులకన్నా కొట్లే ఎక్కువున్న ఊళ్ళో, ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో బంగారూ, ఇది కాళ్ళు బయట పెట్టుకుని వినే కథ కాదు. ఊఁ కొడుతూ ఉండు. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే నాకే భయమేస్తుంది.

ఆ ఆదెమ్మకి పైడి అని ఒక్కతే కూతురు. పుల్లలా ఉండేది పిల్ల. కాళ్ళకి మువ్వల పట్టీలు పెట్టుకుని ఇల్లంతా ఘల్లుఘల్లుమని తిరిగేది. దానికి పురుగుమందులు కొట్టని పంట పెట్టాలని తల్లి ఆశ. కానీ ఆ ప్రకృతి పంటల కొట్లలో ధర అడిగితే గుండె గుభేలుమంటుంది కదా! అందుకని వారానికోసారి ధర తగ్గించే రోజు కోసం కాచుకుని ఉండేది. మంగళవారం ఒక కొట్లో కొర్రలు, గురువారం ఇంకో కొట్లో గానుగ నూనె. ఎక్కడ తగ్గిస్తే అక్కడ అందరికన్నా ముందు ఈవిడే వాలేది.

బేరమాడటంలో తప్పేం లేదు. నేనూ ఆడతాను, మీ అమ్మ సిగ్గుపడి పక్కకెళ్ళి నిలబడుతుంది. కానీ ఆదెమ్మకి ఇంకో అలవాటుంది. ఏది కొన్నా కొసరు అడగాల్సిందే. తూకం అయిపోయాక పైన ఊరికే ఓ గుప్పెడు వేస్తారే, అదన్నమాట. ఆ కొసరుని వండేది కూడా కాదు, విడిగా దాచుకుని చూసుకుని మురిసిపోయేది.

అలా ఉండగా ఊరి చివర కొత్తగా ఒక కొట్టు వెలిసింది. శనివారం అన్నీ సగం ధర అని బోర్డు. ఇంకేముంది, పైడిని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది ఆదెమ్మ.

లోపల చల్లగా, తడి మట్టి వాసన వేస్తోంది. తక్కెడ ముందు ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, తల ఎత్తదు. చుట్టూ బెల్లం దిమ్మలు, తేనె సీసాలు.

"అమ్మా, బెల్లం మీద ఒక్క ఈగ కూడా లేదేంటే?" అంది పైడి చెవిలో.

"శుభ్రంగా ఉంచుకుందిలే, నోర్ముయ్" అంది ఆదెమ్మ.

అప్పుడు సగం ధరకి కొర్రలు తూయించుకుంది. "కొసరెయ్యి మామ్మా" అంది. ముసలమ్మ ఓ గుప్పెడు వేసింది. వేసి, "మరి నా కొసరో?" అంది.

ఆదెమ్మకి నవ్వొచ్చింది. "అమ్మేదానివి, నీకు కొసరేంటి! సరేలే, నీకు నచ్చిందేదో తీసుకో" అనేసింది. చూశావా, ఎంత తేలిగ్గా అనేసిందో!

ఇంటికొచ్చాక పైడి గెంతింది. మువ్వలు మోగలేదు. ఇంకోసారి గెంతింది. ఊహూఁ. "గింజలు రాలిపోయుంటాయి" అని ఊరుకుంది తల్లి. గింజలన్నీ మువ్వల్లోనే ఉన్నాయి.

ఆ తర్వాత శనివారం గానుగ నూనె కొనడానికి మళ్ళీ ఇద్దరూ వెళ్ళారు. ఆదెమ్మ కొసరు అడిగింది. ముసలమ్మ ఓ చిన్న సీసాలో పోసింది. "నా కొసరో?" అంటే, ఈవిడ పాత మాటే చెప్పింది. సంచీ సర్దుకుంటుంటే వెనక మూటల చాటున ఘల్లు, ఘల్లు అని వినిపించింది. ముసలమ్మ మనవరాలు కాబోలు అనుకుంది.

మర్నాడు పిల్లలంతా ఎండలో ఒకరి నీడ ఒకరు తొక్కుతూ ఆడుకుంటున్నారు. ఉన్నట్టుండి అందరూ ఆగిపోయారు. "పైడీ, నీ నీడేదే?" అన్నారు. పిల్ల కింద చూసుకుంది. పక్కనున్న బిందెకి నీడ ఉంది, కోడిపిల్లకి నీడ ఉంది. పైడికి లేదు. ఏడుస్తూ వచ్చి తల్లి ఒళ్ళో పడింది.

అప్పుడు తెలిసింది ఆదెమ్మకి, ఆ మూటల చాటున మోగినవి ఎవరి మువ్వలో. ఇంకా దగ్గరికి జరుగు బంగారూ, నా చెయ్యి పట్టుకో.

మూడో శనివారం ఆదెమ్మ పిల్లని పక్కింటి సూరమ్మ పిన్ని దగ్గర కూర్చోబెట్టింది. కొనడానికి కాదు, పోయినవి అడిగి తెచ్చుకోవడానికి వెళ్ళింది. చచ్చినా కొసరు అడగకూడదని దారంతా తనకి తానే చెప్పుకుంది.

"అయ్యో, ఇచ్చేస్తానమ్మా" అంది ముసలమ్మ తియ్యగా. "ముందు ఈ బెల్లం చూడు. నీకైతే సగంలో సగానికే ఇస్తా." కోపం తెప్పించడం ఎందుకని ఆదెమ్మ ఓ దిమ్మ తీసుకుంది. సంచీలో వేసుకుంది. ఇంక మువ్వల సంగతి అడగాలి. నోరు తెరిచింది.

"ఏం మామ్మా, కొసరెయ్యవా?"

అడిగేసింది! వద్దు వద్దనుకుంటూనే అడిగేసింది. పాడు అలవాటు, నాలుక మీదే కాపురం పెట్టుకుంది మరి. ముసలమ్మ మొదటిసారి తలెత్తింది. కళ్ళలో నల్లగుడ్లు లేవు. ఓ బెల్లం ముక్క ఆదెమ్మ చేతిలో పెట్టి, "సవ్వడి వచ్చింది, నీడ వచ్చింది. ఇంక పిల్లే కదా రావాల్సింది" అంది.

ఆదెమ్మ పరుగో పరుగు. పక్కింటికి వెళ్ళేసరికి సూరమ్మ పిన్ని గుండెలు బాదుకుంటోంది. "ఇప్పుడే ఇక్కడే చింతగింజలు ఆడుతోందే తల్లీ! తల తిప్పి చూసేసరికి లేదు!" గింజలు నేల మీద అలాగే ఉన్నాయి.

ఆదెమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. ఇంట్లో దాచుకున్న కొర్రల కొసరు, నూనె కొసరు తీసుకుంది. బెల్లం ముక్క ఇంకా గుప్పిట్లోనే ఉంది. మళ్ళీ పరుగెత్తింది. ఎండ మండిపోతోంది, చెయ్యి చెమటలు పడుతోంది, గుప్పిట్లో బెల్లం కరిగిపోతోంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత కరుగుతోంది.

కొర్రలు, నూనె తక్కెడ ముందు పెట్టి "నా పిల్లని ఇచ్చెయ్" అంది. "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోను" అంది ముసలమ్మ.

"కొసరు అమ్మిన సరుకు కాదు. నువ్వు ఊరికే ఇచ్చావు, నేనూ ఊరికే ఇచ్చాను. నీది నీకు, నాది నాకు. తక్కెడ పట్టినదానివి, తూచు!" అంది ఆదెమ్మ.

ఎంత రాకాసైనా తక్కెడ మాట కాదనలేదు. అప్పుడు కొర్రలు తూచింది. మూటల చాటున ఘల్లుమంది. ఆ తర్వాత నూనె తూచింది. నేల మీద పాకుతూ చిన్న నీడ బయటికి వచ్చింది. ఆ తర్వాత ఆదెమ్మ గుప్పిట విప్పింది. బెల్లం సగానికి పైగా కరిగిపోయింది. అరచేతిని గోటితో గీకి గీకి తక్కెడలో వేసింది. ముల్లు సరిగ్గా నిలబడలేదు.

మూటల చాటు నుంచి పైడి కాలు ఒక్కటే బయటికి వచ్చి ఆగిపోయింది. "అమ్మా" అని లోపల్నించి ఏడుపు.

"తక్కువైంది" అంది ముసలమ్మ. "తగ్గినదానికి ఏదైనా ఉంచుకుంటా."

నీకు నచ్చింది ఉంచుకో అని ఆదెమ్మ నోటి దాకా వచ్చేసింది. నాలుక కరుచుకుంది, రక్తం వచ్చింది. ఆలోచించింది. ఆలోచించి, "పిల్ల ఎడమ కాలి మువ్వల సవ్వడి. అది ఒక్కటే. ఇంకేం లేదు" అంది.

ముల్లు నిలబడింది. పైడి వచ్చి తల్లిని వాటేసుకుంది. ఆదెమ్మ సంచీలోని బెల్లం దిమ్మ అక్కడే పడేసి, పిల్లని చంకనేసుకుని వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఆ తర్వాత మళ్ళీ కొర్రలు కొనడానికి పాత కొట్టుకే వెళ్ళింది, చెప్పిన ధరే ఇచ్చింది. కొట్టతను తెలిసినావిడ కదా అని పైన ఓ గుప్పెడు వెయ్యబోయాడు. ఆదెమ్మ కెవ్వుమని సంచీ లాగేసుకుంది. "ఊరికేనమ్మా!" అన్నాడతను బిత్తరపోయి. ఊరికే అన్న మాట వినగానే ఆవిడ సంచీ మూతి ముడేసుకుని బయటపడింది.

ఇంట్లో పైడి ఇప్పటికీ గెంతుతూ తిరుగుతుంది. ఒక కాలు ఘల్లుమంటుంది, ఒక కాలు మోగదు. వంటింట్లో ఆదెమ్మ ఏ పని చేస్తున్నా ఆ మోగని కాలి కోసమే చెవి ఒగ్గి వింటుంది. అది ఎక్కడో ఊరి చివర మోగుతూనే ఉందని ఆవిడకి తెలుసు.

ఆ కొట్టు ఇంకా ఉందా అంటే నాకేం తెలుసు! సగం ధర బోర్డు ఎక్కడ కనిపించినా, మీ అమ్మ చెయ్యి వదలకు. ముందు బెల్లం మీద ఈగ వాలిందో లేదో చూడు. వాలకపోతే ఇద్దరూ ఇంటికొచ్చెయ్యండి. ఇంక కళ్ళు ముయ్యి, నేనిక్కడే ఉన్నాగా.

కథేమో కంచికి,
సరుకేమో సంచికి,
పిల్లేమో ఇంటికి,
నిద్రేమో నీ కంటికి.